వేరొకరి ఫొటోని మళ్లీ ఫొటో తీస్తే అది సొంత పని, అంటే సొంత కళాకృతి, ఎప్పుడవుతుంది?

నీలికాగితం:

నలభై ఏళ్ల కిందటి ఫొటోల పుస్తకం ఒకటి. అన్నీ ఫ్యాక్టరీ కార్మికుల ముఖాలు, పుటకొకటి. అడుగున ప్రతిచోటా ఫొటోగ్రాఫర్ పేరుంది. కార్మికుల పేరు ఒక్కచోటా లేదు; "వెల్డర్", "లేత్ ఆపరేటర్" అని పని పేరు వేసి వదిలేశారు. ఇందులోంచి 20 పుటలు ఎంచి, కెమెరాతో మళ్లీ ఫొటో తీసి, అదే సైజులో ప్రింట్లు వేసి, ఒకే వరసలో గోడకు పెట్టాలన్నది ప్రాజెక్టు. ఫొటోగ్రాఫర్ ఇప్పటికీ ఉన్నారు.

తెలిసినవాళ్ల సలహా కావాలి. ఇది అమెరికా ఆర్టిస్టు షెర్రీ లెవీన్ ఎప్పుడో చేసేసిందే కదా, కొత్తగా ఏముంది అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? అచ్చు పుటను ఫొటో తీసేటప్పుడు ఏయే ఇబ్బందులొస్తాయి? కాపీరైటు విషయంలో ఎక్కడ చిక్కుకుంటాం?

సున్నపుగోడ:

ముందు లెవీన్ ఏం చేసిందో కచ్చితంగా చూద్దాం, ఎందుకంటే "లెవీన్ చేసేసింది" అనేవాళ్లలో చాలామంది అది చూడరు. 1981లో న్యూయార్క్ మెట్రో పిక్చర్స్ గ్యాలరీలో ఆమె పెట్టినవి, ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1936లో అలబామాలో కౌలు రైతు కుటుంబాలను తీసిన ఫొటోలకు ఫొటోలు. ఎవాన్స్ నెగటివ్‌ల జోలికి, ఒరిజినల్ ప్రింట్ల జోలికి ఆమె పోలేదు. కేటలాగులో అచ్చయిన బొమ్మల్నే తీసింది. కత్తిరించలేదు, ఏమీ చేర్చలేదు. పేరు మాత్రం "ఆఫ్టర్ వాకర్ ఎవాన్స్" అని పెట్టింది, అంటే ఎక్కడినుంచి తీసుకుందో పేరులోనే చెప్పేసింది. గొప్ప ఫొటోగ్రాఫర్ అనగానే మగవాళ్ల వరసే గుర్తుకు రావడం, ఎన్ని ప్రతులైనా తీయగల ఫొటోలో "ఒరిజినల్" కోసం వెతకడం, ఈ రెంటి మీదా ఆమె గురి.

2001లో మైకేల్ మాండిబర్గ్ అనే ఆర్టిస్టు అవే బొమ్మల్ని స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టాడు. ఎవరైనా దించుకుని ప్రింటు వేసుకోవచ్చు, పక్కనే ఇది అసలైనదేనని చెప్పే, సొంతంగా సంతకం చేసుకునే ప్రామాణిక పత్రం కూడా ఉంటుంది. కంటికి కనిపించేది అదే ఫొటో. కానీ ఇక్కడ ప్రశ్న డబ్బు గురించి, ఎవరికైనా దొరికే వస్తువుకు విలువ ఎక్కడినుంచి వస్తుందన్న దాని గురించి. 1936, 1981, 2001: ఒకే ముఖం, మూడు వేర్వేరు పనులు. కాబట్టి "పద్ధతి పాతది" అన్న అభ్యంతరానికి అంత బరువు లేదు. తిరిగి ఫొటో తీయడమన్నది ఇప్పుడు ఒక పరికరం, అంతే.

అసలు అడగాల్సింది వేరే. ఈ పుస్తకం తీసేసి ఇంకో పుస్తకం పెడితే పనిలో ఏమైనా మారుతుందా? మారకపోతే మూలాన్ని ఎంచుకోవడంలోనే ఆలోచన లేదన్నమాట. 1953లో చిత్రకారుడు రౌషెన్‌బర్గ్ ముందు తన సొంత డ్రాయింగులే చెరిపి చూశాడు, చాలలేదు. అందరూ కళాఖండమని ఒప్పుకునేది చెరపాలని అప్పటికే పేరున్న చిత్రకారుడు విల్లెం డి కూనింగ్ దగ్గరికి వెళ్లి అడిగాడు. డి కూనింగ్ కూడా చెరపడానికి కష్టమయ్యేదే ఏరి ఇచ్చాడు. ఆ ఎంపిక, ఆ ఒప్పుకోలు, చివర్లో ఇంకో చిత్రకారుడు జాస్పర్ జాన్స్ రాసిపెట్టిన శీర్షిక, అన్నీ కలిస్తేనే ఆ ఖాళీ కాగితానికి అర్థం. శాన్‌ఫ్రాన్సిస్కో మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో దాన్ని చూసినప్పుడు ఆ ఫ్రేమూ శీర్షికా కూడా పనిలో భాగమే అనిపించేది అందుకే.

మీ పుస్తకానికి ఈ పరీక్షలో నెగ్గే బలం ఉంది. ప్రతి పుటలో ఒకరి పేరుంది, ఎదురుగా ఉన్న మనిషి పేరు లేదు. అయితే మీరు చెప్పిన పద్ధతిలో ఆ సంగతి కనబడదు. ముఖాలు మాత్రమే తీసి పెడితే చూసేవాళ్లకు అందేది 20 చక్కటి పోర్ట్రెయిట్లు. మీ అసలు వస్తువు పుట అడుగున ఉన్న ఆ రెండు పంక్తులు. పుట మొత్తం తీయండి: అంచులు, అడుగున అక్షరాలు, పుట సంఖ్య, వీలైతే కుట్టు దగ్గరి నీడ కూడా. అప్పుడది "ముఖానికి ఫొటో" కాకుండా "పుటకు ఫొటో" అవుతుంది, లెవీన్‌కీ మీకూ తేడా కూడా అక్కడే పుడుతుంది.

రెండోప్రతి:

పై మాటతో ఏకీభవిస్తూ టెక్నికల్ భాగం చెబుతాను. అచ్చు పుట తీయడం పెయింటింగ్ తీయడంకంటే చికాకు.

మొదటి శత్రువు మోయిరే, అంటే రెండు వరసలు ఒకదానిమీద ఒకటి పడి తేలే అలల మచ్చలు. ఫొటోల పుస్తకాల్లో హాఫ్‌టోన్ చుక్కలు (ఫొటోను అచ్చువేసే చిన్న సిరా చుక్కలు) తరచుగా అంగుళానికి 150 వరసలు ఉంటాయి. ఆ చుక్కల వరస, కెమెరా సెన్సరు గళ్ల వరస దగ్గరదగ్గరగా పడితే బుగ్గల మీద, ఆకాశం మీద అలలు తేలతాయి. ఒకసారి ఫైల్లోకి వచ్చాక వాటిని శుభ్రంగా తీయడం దాదాపు అసాధ్యం. నివారణ ఒకటే: ఒక్కో చుక్కకు తగినన్ని పిక్సెళ్లు ఇవ్వాలి. 150 వరసలకు అంగుళానికి 600 పిక్సెళ్లంటే చుక్కకు 4, అది కనీసం. చుక్క ఆకారం స్పష్టంగా కావాలంటే 1200 పెట్టాలి. 8×10 అంగుళాల పుటకు 600 లెక్కన 4800×6000 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చేది 6000×4000, అంటే ఒక్క షాటులో అంగుళానికి 500 మించి రాదు. రెండు షాట్లు, మధ్యలో మూడోవంతు అతివ్యాప్తితో తీసి కలపండి. కలిపేటప్పుడు కెమెరాను తిప్పకుండా, పుస్తకాన్ని జరపండి. లేకపోతే చుక్కలు అతుకు దగ్గర రెండుగా కనబడతాయి.

కాపీ స్టాండు, 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, ఎఫ్ 8, ఐఎస్ఓ 100. లైట్లు రెండు, రెండు వైపులా 45 డిగ్రీల్లో, సమాన దూరంలో. సెన్సరు, పుట సమాంతరంగా ఉన్నాయా అని చూడడానికి పుట స్థానంలో చిన్న అద్దం పెట్టండి. వ్యూఫైండరులో లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనబడితే సరిపోయినట్టే. నిగనిగలాడే ఆర్టు పేపరైతే లైట్ల ముందు పోలరైజింగ్ ఫిల్ము రెండింటికీ ఒకే దిశలో కట్టి, లెన్సు మీది ఫిల్టరును దానికి అడ్డంగా 90 డిగ్రీలు తిప్పితే మెరుపు పోతుంది. వెలుతురు బాగా తగ్గుతుంది కాబట్టి షట్టరు సమయం పెంచాలి, ఐఎస్ఓ పెంచొద్దు.

పుట పలచనైతే వెనక వైపు అచ్చు ముందుకు కనబడుతుంది. కింద నల్లకాగితం దూర్చండి. పుస్తకాన్ని బల్లపరుపుగా నొక్కితే వెన్ను విరుగుతుంది. 100 డిగ్రీలు మాత్రమే తెరుచుకునేలా 'వీ' ఆకారపు ఊతం పెట్టి, ఎడమ పుటలన్నీ ఒక విడతలో, కుడి పుటలన్నీ ఇంకో విడతలో తీయండి.

ఇక ఆర్టుకూ టెక్నిక్కుకూ ముడిపడే చోటు. పాత కాగితం పసుపెక్కి ఉంటుంది. గ్రే కార్డు (రంగులు సరిచూసే బూడిదరంగు అట్ట) పెట్టి దాని మీద వైట్ బ్యాలెన్స్ తీసుకుంటే ఆ పసుపు నిలుస్తుంది. అలా కాకుండా పుట ఖాళీ అంచు మీద క్లిక్ చేస్తే కాగితం తెల్లబడుతుంది, నలభై ఏళ్ల వయసూ పోతుంది. మీరు తీస్తున్నది పుస్తకాన్ని కాబట్టి గ్రే కార్డే సరి. చుక్కల్ని మెత్తబరిచే డీస్క్రీన్ ఫిల్టరు కూడా అందుకే వాడొద్దు. దగ్గరికి వచ్చి చూసినవాళ్లకు చెంప మీద చర్మం బదులు సిరా చుక్కలు కనబడితే, ఇది ఫొటోకు ఫొటో కాదు, అచ్చుకు ఫొటో అని ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రింట్లు ఇంక్‌జెట్‌లోనే వేయండి. దాని చుక్కలు క్రమం లేకుండా పడతాయి కాబట్టి కొత్త అలలు రావు. ఇదే ఫైలును తర్వాత కేటలాగు కోసం ఆఫ్‌సెట్‌కు ఇస్తే రెండోసారి మోయిరే వస్తుంది. ప్రెస్సువాళ్లకు ముందే చెప్పి, క్రమం లేని స్క్రీన్ అడగాలి.

న్యాయపక్షం:

కాపీరైటు గురించి. ఐడియాకు రక్షణ లేదు, ఐడియాను వ్యక్తం చేసిన రూపానికే ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ మేధో సంపత్తి హక్కుల ఒప్పందం (ట్రిప్స్) 9వ అధికరణంలోనే ఈ మాట ఉంది. కాబట్టి "పుస్తకపు పుటల్ని మళ్లీ ఫొటో తీయడం" అన్న ఆలోచన లెవీన్‌ది కూడా కాదు, ఎవరిదీ కాదు. ఇటలీ ఆర్టిస్టు కాటెలాన్ 2019లో గోడకు టేపుతో అంటించిన అరటిపండు మీద మోర్ఫర్డ్ అనే కళాకారుడు కేసు వేశాడు. అతని పనిలోనూ టేపుతో అంటించిన అరటిపండుంది. 2023లో ఫ్లోరిడా కోర్టు కాటెలాన్ పక్షాన తీర్పిచ్చింది. పండును టేపుతో గోడకు అంటించడానికి ఉన్న మార్గాలే కొన్ని, వాటిని ఒకరి ఆస్తి చేయలేం అన్నది తర్కం.

కానీ మీరు తీసుకుంటున్నది ఐడియా కాదు, 20 ఫొటోలు పూర్తిగా. కాపీరైటు మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచనలకు సాధారణ కనీస గడువు రచయిత జీవితకాలం, ఆపైన 50 ఏళ్లు. ఫొటోలకు గడువు తగ్గించే వీలు దేశాలకు ఉన్నా చాలాచోట్ల అదే లెక్క, ఇంకా అనేకచోట్ల 70. ఫొటోగ్రాఫర్ బతికే ఉన్నారంటే హక్కులు పూర్తిగా బతికే ఉన్నాయనుకుని మొదలుపెట్టండి. పుస్తకం కొనుక్కున్నంత మాత్రాన బొమ్మల మీద హక్కు రాదు.

అమెరికా కేసులే ఎక్కువగా చర్చకొస్తాయి కాబట్టి అవి చెబుతాను. అక్కడ అనుమతి లేకుండానే కొంతమేర వాడుకోనిచ్చే ఫెయిర్ యూజ్‌కు నాలుగు అంశాలు చూస్తారు: వాడుక ప్రయోజనం, మూలం స్వభావం, ఎంత తీసుకున్నారు, మూలం అమ్మకాల మీద ప్రభావం. 1992లో శిల్పాలు చేయించే ఆర్టిస్టు జెఫ్ కూన్స్ ఓడిపోయాడు. ఒక దంపతులు కుక్కపిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న ఫొటోను అతను శిల్పంగా చేయించాడు. సమాజం మీద వ్యంగ్యమన్నాడు. సమాజం మీద వ్యంగ్యానికి ఈ ఫొటోనే ఎందుకు కావాలని కోర్టు పట్టుకుంది. సున్నపుగోడ గారు చెప్పిన "ఇంకో పుస్తకం పెడితే మారుతుందా" అన్న ప్రశ్న కోర్టులోనూ పనికొస్తుందన్నమాట. అదే కూన్స్ 2006లో, ఒక ఫ్యాషన్ పత్రిక ఫొటోలోని కాళ్లను కోల్లాజ్ పెయింటింగులో వాడిన కేసులో గెలిచాడు. ఆర్టిస్టు రిచర్డ్ ప్రిన్స్ మీద ఫొటోగ్రాఫర్ కారియూ వేసిన కేసులో 2013లో అప్పీలు కోర్టు 30 పనుల్లో 25 ఫెయిర్ యూజేనంది, తక్కువ మార్పులున్న 5 వెనక్కి పంపింది, తర్వాత రాజీ అయింది.

2023లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన, చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఫౌండేషన్ మీది తీర్పు ఇంకా ముఖ్యం. ఫొటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో గాయకుడు ప్రిన్స్‌ను తీసిన ఫొటోను, 1984లో ఒక పత్రిక 400 డాలర్లకు చిత్రకారుడి వాడకానికని ఒక్కసారికి తీసుకుంది. వార్హోల్ దాని ఆధారంగా 16 బొమ్మలు చేశాడు. ప్రిన్స్ చనిపోయాక 2016లో ఫౌండేషన్ వాటిలో మరొకదాన్ని పత్రిక కవరుకు 10,000 డాలర్లకు ఇచ్చింది. 7-2 తేడాతో ఫౌండేషన్ ఓడిపోయింది. కోర్టు తేల్చింది ఆ కవరు లైసెన్సు సంగతి మాత్రమే. మిగతావాటిని తయారు చేయడం, గోడకు పెట్టడం గురించి తీర్పు చెప్పలేదు. అంటే ఒకే బొమ్మకు ఒక్కో వాడుకను విడిగా చూస్తారు. మీ గోడ మీది వరస ఒక వాడుక, అదే బొమ్మ పోస్టరు మీద, పోస్టుకార్డు మీద, పత్రికకు ఇచ్చిన ఫైలులో వేరే వాడుకలు. ఫొటోగ్రాఫర్‌కు ఆదాయం రాగల చోట మీరు నిలబడితే ప్రమాదం పెరుగుతుంది. చాలా దేశాల్లో అమెరికా తరహా ఫెయిర్ యూజ్ ఉండదు; విమర్శ, సమీక్ష, పరిశోధన అంటూ చట్టంలో రాసిన ప్రయోజనాల్లో ఇమడాలి, మూలం పేరు చెప్పాలి. పైగా బెర్న్ ఒప్పందం 6 బిస్ అధికరణం ప్రకారం రచయితకు పేరు హక్కు, వికృతం చేయకుండా ఆపే హక్కు ఉంటాయి.

మీకు అనుకూలమైనది ఒకటుంది: మీ వ్యాఖ్య ఆ పుస్తకం మీదే. ఇది మొదలుపెట్టకముందే తేదీ వేసి ఒక పుటలో రాసి పెట్టుకోండి: ఏ పుస్తకం, ఏ పుటలు, ఎందుకు ఇవే, తక్కువ తీసుకుంటే ఎందుకు కుదరదు. నిజమే రాయండి, తర్వాత దిద్దొద్దు. ఆర్టిస్టు షెపర్డ్ ఫెయిరీకి 2008 ఒబామా పోస్టరు కేసులో ఫెయిర్ యూజ్ వాదన అలా ఉంచి, ఏ ఫొటో వాడాడన్న దాని మీద ఆధారాలు తారుమారు చేసినందుకు 2012లో క్రిమినల్ శిక్ష పడింది.

అనుమతి అడగడం ఓటమి కాదు. లేఖలో ఎన్ని పుటలు, ప్రింటు సైజు, ఎన్ని ప్రతులు, ఎక్కడ ఎంతకాలం, అమ్ముతారా లేదా, వెబ్‌లో ఎంత రిజల్యూషన్ పెడతారు, ఇవన్నీ ఉండాలి. ఫొటోగ్రాఫర్‌కు ఒకటి, ప్రచురణకర్తకు ఒకటి. పుట అమరిక, అచ్చు హక్కులు ప్రచురణకర్తవి కావచ్చు.

కత్తెర:

చట్టం, టెక్నిక్కు రెండూ బాగున్నాయి. కానీ అసలు మనుషుల సంగతి పక్కకు పోతోంది. పేరు లేకుండా ఒకసారి అచ్చయినవాళ్లను పేరు లేకుండా మళ్లీ గోడకెక్కిస్తే అన్యాయాన్ని చూపించినట్టా, ఇంకోసారి చేసినట్టా? అప్రోప్రియేషన్ (వేరొకరి పనిని తీసుకుని చేసే) పనుల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కళాకారుడు వాదులాడేది ఫొటోగ్రాఫర్‌తో, నష్టం జరిగేది ఫొటోలో ఉన్నవాళ్లకు.

2017లో అమెరికాలోని మినియాపాలిస్‌లో ఆర్టిస్టు శామ్ డ్యూరంట్ "స్కాఫోల్డ్" శిల్పానికి జరిగింది చూడండి. 1862లో 38 మంది డకోటా (అక్కడి ఆదివాసీ తెగ) మనుషుల్ని ఉరితీసిన వేదికతో సహా, అనేక ఉరికంబాల రూపాల్ని కలిపి కట్టాడు. మరణశిక్షను విమర్శించడమే ఉద్దేశం. యూరప్‌లో 2012లో నిలబెట్టినప్పుడు ఇబ్బంది రాలేదు. ఆ మనుషుల వారసులున్న నేల మీద పెట్టేసరికి వాళ్లు అడ్డం తిరిగారు. చివరికి విప్పేశారు, శిల్పం మీద హక్కులు డకోటా వాళ్లకే ఇచ్చేశాడు. ఉద్దేశం మంచిదైనా, ఎవరి బాధను తీసుకున్నాడో వాళ్లను ముందు అడగలేదు.

ఇంకో వైపు ఆర్టిస్టు ఫ్రెడ్ విల్సన్ ఉన్నాడు. 1992లో బాల్టిమోర్‌లో మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ సేకరణలోంచే వస్తువులు తీసి, వెండి పాత్రల పక్కన అదే అద్దాల పెట్టెలో బానిసల సంకెళ్లు పెట్టాడు. లేబులు "మెటల్‌వర్క్ 1793–1880" అని మామూలు మ్యూజియం భాషలోనే. ఆ పెట్టె కోసం కొత్తగా ఒక్క వస్తువూ చేయలేదు, ఎవరి ముఖాన్నీ వాడుకోలేదు, అయినా ఆ మ్యూజియం ఏం దాచిందో ఆ ఒక్క పెట్టె చెప్పేసింది.

అందుకని నా సూచన: ముఖాల చోటు ఖాళీ వదలండి. పుట అంచులు, "వెల్డర్" అన్న మాట, ఫొటోగ్రాఫర్ పేరు, మధ్యలో ఫొటో ఉన్నంత మేర ఏమీ లేని దీర్ఘచతురస్రం. కాపీరైటు బెడద కూడా చాలావరకు తీరుతుంది.

సున్నపుగోడ:

కత్తెర గారూ, ప్రశ్న సరైనదే, పరిష్కారంతో ఒప్పుకోలేను. ముఖం తీసేస్తే మిగిలేది ఫొటోగ్రాఫర్ పేరొక్కటే. 20 ఖాళీ దీర్ఘచతురస్రాల కింద 20 సార్లు ఆయన పేరు. పుస్తకం చేసినదానికంటే ఆ మనిషిని ఇంకా ఎక్కువ చెరిపేసినట్టవుతుంది. పైగా ఖాళీ చట్రం అనేది ఈ రంగంలో బాగా అరిగిపోయిన ఎత్తుగడ, చూసేవాళ్లు అర్ధ నిమిషంలో అర్థం చేసుకుని ముందుకు నడుస్తారు. ముఖం ఉండాలి, దాన్ని చూస్తూ చూపు కిందికి దిగి పేరు కోసం వెతకాలి, వెల్డర్ అన్న మాట దగ్గర ఆగిపోవాలి. ఆ చూపు దిగే దూరమే పని.

పేర్లు కనుక్కునే ప్రయత్నం మాత్రం తప్పనిసరి అంటాను. కార్మిక సంఘం పాత రిజిస్టర్లు, ఫ్యాక్టరీ హాజరు పుస్తకాలు, ఫొటోగ్రాఫర్ సొంత నోటుబుక్కులు. దొరికిన పేరును మనిషి గానీ కుటుంబం గానీ సరేనంటేనే లేబులులో రాయాలి. దొరకని చోట పంక్తి ఖాళీగా ఉంచాలి, "గుర్తు తెలియని" అని రాయొద్దు. తెలిసినవాళ్లు ఎక్కడో ఉంటారు.

నీలికాగితం:

పుట మొత్తం, చుక్కలతో సహా, పసుపుతో సహా తీయాలని తేలింది. ముఖాలు ఉంటాయి. అనుమతి లేఖలు ఈ వారమే వెళతాయి. చివరిగా ఒకటి: ప్రామాణిక పత్రంలో, గోడ లేబులులో ఏం రాయాలి?

రెండోప్రతి:

పత్రం గురించి చెప్పాలంటే ఆర్టిస్టు సోల్ లెవిట్ వాల్ డ్రాయింగులు (గోడ మీద గీసే బొమ్మలు) చూడాలి. కొన్నవాళ్ల చేతికొచ్చేది సంతకం ఉన్న సర్టిఫికెట్, ఒక రేఖాపటం. గోడ మీద గీసేది వేరేవాళ్లు, సున్నం కొట్టి చెరిపి ఇంకోచోట మళ్లీ గీయొచ్చు. పత్రం పోతే పని పోయినట్టే చూస్తారు. ఆర్టిస్టు డ్యూషాంప్ మూత్రశాల పింగాణీ గిన్నెను కళగా పెట్టిన 1917 నాటి "ఫౌంటెన్" అసలు వస్తువు ఎప్పుడో పోయింది. ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నవి ఎక్కువగా 1964లో మిలాన్ గ్యాలరీ ఒకటి, ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో ఆధారంగా చేయించిన ప్రతులు. వస్తువు మారుతుందన్న సంగతి ముందే పత్రంలో రాసి ఉంటే తర్వాత గొడవ ఉండదు.

మీ పత్రంలో: 20 ప్రింట్లు కలిపి ఒకటే పని, విడిగా అమ్మకూడదు (ఇది రాయకపోతే అందమైన ముఖాలు నాలుగు విడిపోతాయి). ఎడిషన్ (అమ్మే ప్రతులు) ఎన్ని, ఆర్టిస్టు ప్రూఫులు (ఆర్టిస్టు తన దగ్గర ఉంచుకునే ప్రతులు) ఎన్ని. కాగితం పేరు, సిరా రకం, పుట అంచు నుంచి అంచుకు కచ్చితమైన కొలత మిల్లీమీటర్లలో. రెండు ప్రింట్ల మధ్య ఎడం, నేల నుంచి మధ్యగీత ఎత్తు. 145 నుంచి 150 సెంటీమీటర్లు చాలామంది వాడేది, కానీ ఇక్కడ అడుగు పంక్తి చదవాలి కాబట్టి ఇంకాస్త పైకి పెట్టి పరీక్షించండి. క్రమం పుస్తకంలోని పుటల వరసే, ప్రదర్శన అమర్చే క్యురేటరు మార్చకూడదు.

లేబులు ఇలా ఉండొచ్చు: పని పేరు, మీ పేరు, సంవత్సరం, కింద "ఫలానా పుస్తకంలోని ఈ పుటలకు ఫొటోలు" అని పుట సంఖ్యలతో, మూల ఫొటోలు తీసినవారి పేరు, ఆ కింద, అదే సైజు అక్షరాల్లో, కార్మికుల పేర్లకు 20 పంక్తులు. ఫొటోగ్రాఫర్ పేరు పెద్ద అక్షరాల్లో, కార్మికులవి చిన్న అక్షరాల్లో వేయొద్దు.

న్యాయపక్షం:

పత్రంలో ఇంకొక నిబంధన చేర్చండి: ఒక పేరు తర్వాత ఎప్పుడైనా తెలిస్తే, కొన్నవారు కొత్త లేబులు తీసుకుని పాతది తీసేయాలి. కుటుంబం ఎవరైనా తమ మనిషి పుటను తీసేయమంటే ఏం చేస్తారో కూడా ఇప్పుడే నిర్ణయించి రాయండి. అప్పుడు 19 ప్రింట్లే మిగులుతాయా, ఆ ప్రింటు చోటు గోడ మీద ఖాళీగా ఉంటుందా, పక్కవి దగ్గరికి జరుగుతాయా అన్నది పని అమ్ముడైన తర్వాత కొన్నవాళ్లు తేల్చే విషయం కాకూడదు.